ఏ తారీఖు వెయ్యమంటారు మేడమ్?

మొన్న మార్చి నెలాఖర్లో, ఇంకా రెండు పనిదినాలే మిగిలాయనగా, సాయంత్రం ఐదు దాటాక మా ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి స్టాక్ రిజిస్టర్ పట్టుకుని నా గదిలోకి వచ్చింది. ప్రాజెక్టులో ఆర్డర్ పెట్టిన సెంట్రిఫ్యూజ్‌కి బిల్లు వచ్చేసింది, డెలివరీ చలానా కూడా పీడీఎఫ్‌లో వచ్చేసింది, మెషీన్ మాత్రం ఇంకా ట్రాన్స్‌పోర్ట్‌లోనే ఉంది. ఫైనాన్స్ సెక్షన్ నించి మధ్యాహ్నం నించీ ఒకటే ఫోన్లు, ఇవాళ స్టాక్ ఎంట్రీ, ఇన్‌స్టలేషన్ రిపోర్టు పెట్టి ఫైల్ పంపిస్తేనే రేపు పేమెంట్ పడుతుంది, లేకపోతే 31 రాత్రితో ఆ 1,85,000 లాప్స్ అయిపోతాయి అని. ఆ అమ్మాయి రిజిస్టర్ తెరిచి, పెన్ను మూత తీసి, సరుకు అందిన తేదీ రాసే గడి దగ్గర ఆగి అడిగింది, "ఏ తారీఖు వెయ్యమంటారు మేడమ్?"

రాని మెషీన్‌కి తారీఖేంటి మేడమ్ అని అడిగుంటే బాగుండు అనిపించింది. అలా అడగలేదు. ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది కాబట్టి ఏదో ఒక తారీఖు వెయ్యాలి, అది మేడమ్ చెప్తారు, అంతే. చేరి రెండేళ్ళు కూడా కాలేదు, అబద్ధం ఆడే పిల్ల అసలే కాదు, తన లాబ్ నోట్‌బుక్‌లో ఒక రీడింగ్ కొట్టేస్తే పక్కన సంతకం పెట్టి ఎందుకు కొట్టేసిందో రాస్తుంది. అదే చెయ్యి స్టాక్ రిజిస్టర్ దగ్గరికొచ్చేసరికి ఇంకోలా పనిచేస్తోంది. అది ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు, పక్క ల్యాబ్‌లో, సీనియర్ల దగ్గర, కొంత నా దగ్గర కూడా. అప్పట్నించీ ఈ విషయం తలలో తిరుగుతూనే ఉంది, అందుకే ఇంత పెద్ద పోస్టు.

యూనివర్సిటీలు ప్రభుత్వ గ్రాంట్ రూల్స్ పాటిస్తున్నాయా లేదా అనే మాట ఎప్పుడొచ్చినా రెండే రకాలుగా మాట్లాడతాం. ప్రొఫెసర్లు డబ్బులు తినేస్తున్నారు రూల్స్ ఇంకా టైట్ చెయ్యాలి అనేవాళ్ళు ఒకవైపు, రూల్స్ వల్లే రీసెర్చి చచ్చిపోతోంది అన్నీ ఎత్తేయండి అనేవాళ్ళు ఇంకోవైపు. నాకు ఈ రెండిటిలో దేంతోనూ సుఖం లేదు. నేను చెప్పదల్చుకున్నది ఏంటంటే, నిజాయితీగా పని చేసుకునే మనిషి చేత తప్పుడు తారీఖు వేయిస్తోందంటే ఆ రూల్ డబ్బుని కాపాడట్లేదు, పైగా దొంగలెవరో కనపడకుండా చేస్తోంది. అందరి కాగితాలూ ఒకేలా ఉన్నప్పుడు ఎవరిది నిజమైన కాగితం అని ఆడిట్ వాళ్ళు మాత్రం ఎలా పట్టుకుంటారు?

నేను వేసిన తారీఖు

పదిహేనేళ్ళ పైమాటే, నేను ఒక ప్రాజెక్టులో జేఆర్‌ఎఫ్‌గా, అంటే స్టైపెండ్ మీద పనిచేసే రీసెర్చి స్కాలర్‌గా, ఉన్నప్పుడు ఇలాంటి మార్చే. మా గైడ్ సార్ మంచి మనిషి, ఆయన టేబుల్ మీద ప్రాజెక్టు పెన్నూ సొంత పెన్నూ వేరేవేరేగా ఉండేవి, నిజంగానే. అప్పట్లో గ్రాంట్ డబ్బు యూనివర్సిటీ అకౌంట్‌లోకే వచ్చేసేది, ఏడాది చివర ఎంత మిగిలిందో చూసి తర్వాతి విడతలో అంత తగ్గించి పంపేవాళ్ళు, అందుకని మిగల్చడం అంటే సార్‌కి భయం. ఒక స్పెక్ట్రోఫోటోమీటర్ ఆర్డర్ పెట్టాం, 4 లక్షల 60 వేలు. ఫిబ్రవరిలో రావాల్సింది రాలేదు. మార్చి 30న సార్ నన్ను పిలిచి, "ఏమ్మా, వస్తుందిలే, ఎంట్రీ వేసెయ్" అన్నారు. నేను వేసేశా. "సరుకు మంచి కండిషన్‌లో అందినది" అని రాసి, కింద ఇనీషియల్ పెట్టా. సార్ కౌంటర్ సైన్ చేశారు. పేమెంట్ వెళ్ళిపోయింది.

మెషీన్ ఆగస్టులో వచ్చింది. మేం అడిగిన మోడల్ కాదు, దాని కింది మోడల్, ల్యాంప్ సరిగా స్టెబిలైజ్ అయ్యేది కాదు, రీడింగ్ గంటకోలా ఉండేది. సప్లయర్‌కి ఫోన్ చేస్తే మార్చిలోనే మంచి కండిషన్‌లో అందిందని మీరే రాసిచ్చారు కదా అన్నాడు. ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు. గట్టిగా లెటర్ రాయాలంటే మేం మార్చిలో వేసిన ఎంట్రీ అబద్ధమని మేమే ఒప్పుకోవాలి, సార్‌కి ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. ఆ మెషీన్‌తో నేను పదకొండు నెలలు కుస్తీ పట్టా, ఆఖరికి వేరే డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళి రాత్రిళ్ళు వాళ్ళ మెషీన్ మీద చేసుకున్నా. ఆ ఏడాది ఆడిట్‌లో మా ప్రాజెక్టు మీద ఒక్క అబ్జెక్షన్ కూడా రాలేదు. బిల్లుంది, చలానా ఉంది, స్టాక్ ఎంట్రీ ఉంది, మెషీన్ కూడా ఉంది, తారీఖులన్నీ ఒకదాని తర్వాత ఒకటి వరసగా ఉన్నాయి.

దీంట్లో ఎవరూ ఒక్క రూపాయి తినలేదు. అయినా 4 లక్షల 60 వేల ప్రభుత్వ డబ్బు వృథా అయింది, నా ఏడాది వృథా అయింది. దీన్ని ఏ కాలమ్‌లో చూపిస్తారు?

పుస్తకంలో ఉన్నదేంటి

ఈ సెంట్రిఫ్యూజ్ గొడవ తర్వాత నేను జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, కేంద్ర ప్రభుత్వ డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో చెప్పేది, మనందరం జీఎఫ్‌ఆర్ అనేది, 2017 ఎడిషన్, కూర్చుని చదివా. మామూలుగా మనకి ఎవరో చెప్పిన రూల్సే తెలుసు, "జీఎఫ్‌ఆర్ ప్రకారం కుదరదు మేడమ్" అని సెక్షన్‌లో అంటే ఊరుకుంటాం. చదివితే ఆశ్చర్యం వేసింది, ఆ పుస్తకం మనం అనుకున్నంత మూర్ఖంగా లేదు. 21వ రూల్ ఏమంటుందంటే, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు ఎంత జాగ్రత్త పడతాడో ప్రజాధనం విషయంలో ప్రతి అధికారీ అంతే జాగ్రత్త పడాలి అని. ఇంతకన్నా చక్కగా చెప్పలేం. సొంత డబ్బుతో మెషీన్ కొనుక్కునే మనిషి ఎవరైనా అది ఇంటికి రాకముందే "అందినది, బాగున్నది" అని రాసిచ్చి మొత్తం డబ్బు ఇచ్చేస్తాడా?

62వ రూల్ ఇంకా సూటిగా ఉంది. ఆర్థిక సంవత్సరం చివరి నెలల్లో హడావిడిగా ఖర్చు పెట్టెయ్యడాన్ని ఆర్థిక మర్యాదని ఉల్లంఘించడంగానే చూస్తారు, అలా చెయ్యొద్దు అని రాసుంది. మంత్రిత్వ శాఖలకైతే చివరి మూడు నెలల్లో బడ్జెట్‌లో 33 శాతం, ఒక్క మార్చిలో 15 శాతం దాటకూడదని లిమిట్లు కూడా పెట్టారు. అంటే మార్చి హడావిడి తప్పని పుస్తకానికి తెలుసు. మరి డబ్బే జనవరిలో వస్తే? నా ప్రాజెక్టుకి ఒక ఏడాది ఆ ఏటి మొదటి విడత డిసెంబర్ ఆఖర్లో పడింది, టెండర్ పిలిచి కొని పేమెంట్ చేసి మార్చి 31కి ముగించాలి. పైనుంచి ఆలస్యంగా వచ్చిన డబ్బుకి, కింద హడావిడి చేశారన్న పేరు మాత్రం మాకు.

తర్వాత యూసీ. యుటిలైజేషన్ సర్టిఫికెట్ అంటే మనకి ఒక పేజీ లెక్క, ఎంత వచ్చింది ఎంత ఖర్చయింది ఎంత మిగిలింది వడ్డీ ఎంత, కింద పీఐ (ప్రాజెక్టు నడిపే ప్రొఫెసర్), ఫైనాన్స్ ఆఫీసర్, రిజిస్ట్రార్ సంతకాలు. 238వ రూల్ ప్రకారం ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు పంపాలి, కానీ మనం ఏప్రిల్లోనే పంపుతాం ఎందుకంటే అది వెళ్ళకపోతే తర్వాతి విడత రాదు. ఆ ఫారం పేరు 12-ఏ. దాన్ని నేను ఎన్నో ఏళ్ళుగా నింపుతున్నా, లెక్కల టేబుల్ కింద సన్న అక్షరాల్లో ఉన్నవి మొదటిసారి ఈమధ్యే శ్రద్ధగా చదివా. ప్రజాధనాన్ని కాపాడే అంతర్గత కంట్రోల్స్ మా దగ్గర ఉన్నాయి, పెట్టిన డబ్బుకి తగ్గ పని జరిగిందో లేదో చూస్తున్నాం, ఈ డబ్బు వల్ల వచ్చిన ఫలితాలు అనుబంధంలో జత చేశాం అని మనం సంతకం పెట్టి సర్టిఫై చేస్తున్నాం. ఆ అనుబంధం మీలో ఎంతమంది జత చేశారు? నేనైతే ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెయ్యలేదు, ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు. కానీ టేబుల్‌లో కన్స్యూమబుల్స్ హెడ్‌లో 312 రూపాయలు తేడా వస్తే మూడు మెయిల్స్ వచ్చాయి.

ఇక్కడే నాకు విషయం అర్థమైంది అనుకుంటా. రూల్ రాసినవాళ్ళు రెండూ అడిగారు, లెక్కా అడిగారు పనీ అడిగారు. మనం మెల్లగా రెండోది వదిలేసి మొదటిదాన్నే కంప్లయన్స్ అని పిలుస్తున్నాం, ఎందుకంటే లెక్క చూడటానికి కుర్చీలోంచి లేవక్కర్లేదు, పని చూడాలంటే ల్యాబ్‌కి రావాలి.

సూపరింటెండెంట్ గారి మాట

అయితే ఇది ఇంతటితో వదిలేస్తే నాకు అనుకూలంగా ఉన్నదే చెప్పినట్టు అవుతుంది. మా ఫైనాన్స్ సెక్షన్‌లో ఒక సూపరింటెండెంట్ గారున్నారు, ఇంకో ఏడాదిలో రిటైరవుతారు. నా ఫైళ్ళు ఎక్కువసార్లు వెనక్కి పంపింది ఆయనే. ఒకసారి కోపంగా వెళ్ళి గొడవ పెట్టుకున్నా, 40 వేల కెమికల్స్‌కి కూడా ఇంత సాగదీస్తారా అని. ఆయన నన్ను కూర్చోమని, ప్యూన్ చేత మంచినీళ్ళు తెప్పించి, తన కథ చెప్పారు.

ఆయన కొత్తగా సెక్షన్‌లోకి వచ్చినప్పుడు ఒక పెద్ద ప్రొఫెసర్ ప్రాజెక్టులో కొన్న రెండు ఏసీలు ఫిజికల్ వెరిఫికేషన్‌లో ల్యాబ్‌లో కనపడలేదట. ఎక్కడున్నాయో అందరికీ తెలుసట, కానీ ఎవరూ కాగితం మీద పెట్టలేదు. అదే ప్రాజెక్టులో ఫీల్డ్ వర్క్ వాహనం పేరుతో టాక్సీ బిల్లులు, అన్నీ ఒకే చేతిరాత. చివరికి ఆడిట్ పేరా పడింది, అంటే ఆడిట్ రిపోర్టులో అభ్యంతరం ఎక్కింది. ప్రొఫెసర్ గారికి ఏమీ కాలేదు. బిల్లు పాస్ చేసిన అసిస్టెంట్‌కి రిటైరయ్యాక గ్రాట్యుటీ రెండేళ్ళు ఆగింది, పేరా సెటిల్ అయ్యేదాకా. "మేడమ్, మీరు మంచివాళ్ళే, నాకు తెలుసు. కానీ రూల్ మీ కోసం రాయలేదు కదా. ఎవరు మంచివాళ్ళో ఫైల్ చూస్తే నాకు తెలీదు. ఫైల్ ఆపితే నన్ను ఎవరూ ఏమీ అనరు, సంతకం పెడితే రేపు నా పెన్షన్ ఆగొచ్చు. మీరైతే ఏం చేస్తారు?" అన్నారు.

నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. మనం సెక్షన్ వాళ్ళని తిట్టుకుంటాం కానీ వాళ్ళ కుర్చీలోంచి చూస్తే ఆలస్యానికి శిక్ష లేదు, సంతకానికి మాత్రం ఉంది, అలాంటప్పుడు ఎవరైనా ఆలస్యమే చేస్తారు. దీన్ని ఆయన స్వభావం అని తోసెయ్యలేం, ఆయన్ని కూర్చోబెట్టిన కుర్చీ అలాంటిది.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఇప్పుడొచ్చిన జీరో బ్యాలెన్స్ అకౌంట్ల పద్ధతిని మనం రోజూ తిట్టుకుంటున్నాం, 2022 మార్చిలో ఫైనాన్స్ మినిస్ట్రీ సెంట్రల్ స్కీముల డబ్బు విడుదల పద్ధతి మార్చినప్పట్నించీ డబ్బు మన దగ్గరికి రాదు, ఎంత దాకా తీసుకోవచ్చో చెప్పే లిమిట్ మాత్రమే వస్తుంది, అవసరమైనప్పుడు అక్కడ్నించి తీసుకోవాలి, కొన్ని స్కీముల్లో ఏడాది ఆఖరికి వాడని లిమిట్ పోతుంది. అయితే ఇది ఎందుకొచ్చింది? అంతకుముందు గ్రాంట్ డబ్బు కోట్లకి కోట్లు బ్యాంకుల్లో పడుండేది, ప్రభుత్వం ఒకవైపు వడ్డీకి అప్పు తెస్తోంది, ఇంకోవైపు తనిచ్చిన డబ్బు సంస్థల సేవింగ్స్ ఖాతాల్లో నిద్రపోతోంది. ఆ వడ్డీ ప్రభుత్వానికి తిరిగి కట్టాలని 230వ రూల్ చెప్తోంది, కానీ ఎంతమంది సక్రమంగా కట్టారు? నేను చూసిన ఒక చోట జీతాలకి డబ్బుల్లేని నెలలో ప్రాజెక్టుల అకౌంట్లోంచి తీసి జీతాలిచ్చారు, తర్వాత ఎప్పుడో వేశారు. ఆ మధ్యలో మూడు ప్రాజెక్టుల కొనుగోళ్ళు ఆగిపోయాయి, కారణం అడిగితే "ఫండ్ పొజిషన్ బాలేదు" అన్నారు. ఆ ప్రాజెక్టు డబ్బు పీఐది కాదు యూనివర్సిటీదీ కాదు, ఒక పని కోసం ఇచ్చిన డబ్బు. జీతాలు ముఖ్యం కాదా అంటే ముఖ్యమే, నా జీతం కూడా అందులోనే ఉంది, అయినా అది తప్పే. కాబట్టి డబ్బు పైనే పెట్టుకుని కావాల్సినప్పుడు ఇస్తాం అని ప్రభుత్వం అనడంలో న్యాయం లేదని నేను అనలేను.

నా సంగతి కూడా చెప్పాలి. ఆరేళ్ళ కిందట ట్రావెల్ హెడ్‌లో మిగిలిన డబ్బుతో ప్రాజెక్టుకి దగ్గరి సంబంధం లేని ఒక కాన్ఫరెన్స్‌కి వెళ్ళా. అప్రూవల్ నోట్‌లో సంబంధం ఉన్నట్టే రాశా. అప్పుడు అది తప్పనిపించలేదు, మార్చిలో ఎలాగూ పోయే డబ్బే కదా అనుకున్నా. ఇప్పుడు చూస్తే అదీ తప్పుడు తారీఖు లాంటిదే. రెండు లక్షల రూపాయలు ఇష్టం వచ్చినట్టు ఖర్చు పెట్టుకునే స్వేచ్ఛ ఇస్తే అందరూ 21వ రూల్ మనుషుల్లా ఉంటారని నేను ఎలా గ్యారంటీ ఇస్తా, నేనే లేనప్పుడు?

అక్కడా గొడవే

మన దగ్గరే ఇలా అనుకుంటాం గానీ అమెరికాలో దీని మీద ఇంకా పెద్ద గొడవ జరిగింది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రభుత్వ రీసెర్చి గ్రాంట్ల ఓవర్‌హెడ్ (ఆఫీసు, బిల్డింగుల్లాంటి ఉమ్మడి ఖర్చులకి యూనివర్సిటీ తీసుకునే వాటా) లెక్కల్లో ఒక విలాసవంతమైన పడవ తరుగుదల ఖర్చు కూడా చేరిందని బయటపడి, 1991 మార్చిలో వాళ్ళ కాంగ్రెస్ కమిటీ ముందు విచారణ జరిగింది. యూనివర్సిటీ ప్రెసిడెంట్‌గా ఉన్న డోనాల్డ్ కెన్నెడీ ఆ ఏడాదే రాజీనామా ప్రకటించాడు. ఓవర్‌హెడ్‌లో పరిపాలన ఖర్చుల వాటాకి 26 శాతం సీలింగ్ పెట్టారు, అది ఇప్పటికీ ఉంది. ఇంత జరిగాక 1994లో వ్యవహారం 12 లక్షల డాలర్ల సెటిల్‌మెంట్‌తో ముగిసింది, మోసం జరిగినట్టు తేలలేదు. అది ఒక సంస్థ సంగతి, కానీ దాని తర్వాత బిగిసిన లెక్కలు దేశంలో ప్రతి ప్రొఫెసర్ మీదా పడ్డాయి. ప్రభుత్వ గ్రాంట్లున్న ప్రొఫెసర్లని అడిగితే 2005లోనూ 2012లోనూ రీసెర్చి టైమ్‌లో 42 శాతం కాగితం పనికే పోతోందన్నారు, 2018లో అడిగితే 44 శాతం అన్నారు.

కానీ అక్కడ ఒక తేడా ఉంది, నాకు అదే ముఖ్యం. చాలా గ్రాంట్లలో ఈ ఏడాది వాడని డబ్బు వచ్చే ఏడాదికి తీసుకెళ్ళడానికి ప్రత్యేకంగా పర్మిషన్ అక్కర్లేదు, ప్రాజెక్టు గడువు ఒకసారి 12 నెలల దాకా అదనపు డబ్బు లేకుండా యూనివర్సిటీయే పొడిగించుకోవచ్చు. అంటే మెషీన్ ఏప్రిల్లో వస్తే ఏప్రిల్ అనే రాసుకుంటారు, ఎవరి కొంపా మునగదు. ఎవరైనా ఫ్రాడ్ చేస్తే మాత్రం ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం కింద లాగుతారు, మూడు రెట్ల దాకా కట్టిస్తారు. యూరప్ వాళ్ళు హొరైజన్ యూరప్ అనే తమ రీసెర్చి ఫండింగ్ పథకంలో లంప్‌సమ్ గ్రాంట్లని తెచ్చారు, ఒప్పుకున్న పని ముక్క పూర్తయిందా లేదా చూసి డబ్బిస్తారు, ఎన్ని గంటలు ఎవరు కూర్చున్నారో బిల్లులు ఎన్నో అడగరు. దాంట్లోనూ పేచీలున్నాయి, పని పూర్తయిందని ఎవరు చెప్పాలి, రీసెర్చిలో ఫెయిలవడం కూడా పనే కదా. నాకు ఆ సందేహం ఉంది. ఫలితాన్ని బట్టే డబ్బంటే ఫలితాలు కూడా తప్పుడు తారీఖుల్లాగే తయారు చేస్తారేమో, స్టాక్ రిజిస్టర్ రోగం లాబ్ నోట్‌బుక్‌కి పాకితే అది ఇంకా పెద్ద ప్రమాదం.

మూడు కొటేషన్లు

మన దగ్గర సడలింపులు అసలు లేవని కాదు. 2025 జూన్‌లో సైంటిఫిక్ రీసెర్చి సంస్థలకి కొటేషన్లు లేకుండా నేరుగా కొనే లిమిట్ 1 లక్ష నించి 2 లక్షలకి పెంచారు, పర్చేజ్ కమిటీ ద్వారా కొనేది 10 లక్షల నించి 25 లక్షలకి, ప్రత్యేకమైన పరికరాలైతే ప్రభుత్వ కొనుగోళ్ళ సైటు జెమ్ పోర్టల్ బయట కొనుక్కునే అధికారం డైరెక్టర్లకీ వీసీలకీ ఇచ్చారు, 200 కోట్ల దాకా గ్లోబల్ టెండర్ కూడా వాళ్ళే ఆమోదించొచ్చు. ఆ వార్త చూసి మా గ్రూపులో అందరం సంబరపడ్డాం. మర్నాడు ఫైల్ పెడితే "మనకి ఇంకా ఆర్డర్ రాలేదు మేడమ్, మూడు కొటేషన్లు పెట్టండి" అన్నారు. అది వచ్చాక అడాప్ట్ చెయ్యాలి, అడాప్ట్ చేశాక సర్క్యులర్ ఇవ్వాలి.

మూడు కొటేషన్ల సంగతి తెలియని పీఐ ఎవరైనా ఉన్నారా? ఒకే సప్లయర్‌కి చెప్తే మూడూ తనే తెస్తాడు, మూడు లెటర్‌హెడ్లు, మూడు సంతకాలు, ఒకదాంట్లో స్పెల్లింగ్ తప్పుంటే మూడింట్లోనూ అదే తప్పు. సెక్షన్‌కీ తెలుసు, ఆడిట్‌కీ తెలుసు. పోటీ పెట్టి ధర తగ్గించడం కోసం పెట్టిన రూల్ ఇది, చాలా మంచి ఉద్దేశం, కానీ ఇప్పుడు దానివల్ల ధర తగ్గట్లేదు, మూడు కాగితాలు చేర్చే పనికి సప్లయర్ ఇంకో ఐదు శాతం కలుపుకుంటున్నాడేమో అని నా అనుమానం. ఇంకో మాట, ఆ మూడు కాగితాలు తెమ్మని మనం పంపేది స్కాలర్లనే. ఇరవై నాలుగేళ్ళ పిల్లాడికి సైన్స్ చెయ్యడం ఎలాగో చెప్పాల్సిన చోట ఇది చెప్తున్నాం.

నాకు నిజంగా బాధ అనిపించేది ఇదే. డబ్బు వృథా అయిందంటే ఇంకోసారి సంపాదించొచ్చు. ప్రాజెక్టులో పని చేసే పిల్లలకి ప్రభుత్వం ఇచ్చే మొదటి శిక్షణ, కాగితం మీద ఒకటీ నేల మీద ఒకటీ ఉండటం మామూలే అన్నది. ఆ పిల్లలే రేపు పీఐలు అవుతారు, కొందరు ఫండింగ్ ఏజెన్సీల్లో కూర్చుంటారు, ఇంకొందరు ఆడిట్‌కి కూడా వస్తారు. వాళ్ళే స్టైపెండ్ నాలుగైదు నెలలు ఆలస్యమైనా నోరెత్తకుండా ల్యాబ్‌కి వస్తున్నారు. 2023 జనవరి నించి జేఆర్‌ఎఫ్ 31,000 నించి 37,000 చేశారు, సంతోషం, కానీ లిమిట్ పడక ఏప్రిల్ నించి ఆగస్టు దాకా ఒక్క రూపాయి రాకపోతే ఆ 37,000 అంకె దేనికి? నా స్టూడెంట్ ఒకడు ఐదు నెలలు అలా గడిపాడు. ఆ ఐదు నెలలకి యూసీలో ఏ కాలమూ లేదు.

నేనడిగేది

చాలా పెద్దవేం కాదు. ముఖ్యంగా ఒక్కటి, మార్చి 31 లోపు సరిగ్గా ఆర్డర్ ఇచ్చేసిన కొనుగోలుకి ఆ డబ్బు కమిటెడ్ అని గుర్తు పెట్టి ఇంకో ఆరు నెలలు ఉంచండి. పర్చేజ్ ఆర్డర్ నంబర్ సిస్టమ్‌లోనే ఉంటుంది, దొంగతనానికి దారి లేదు, డబ్బు ప్రభుత్వం దగ్గరే ఉంటుంది కాబట్టి వడ్డీ నష్టం కూడా లేదు. జీరో బ్యాలెన్స్ పద్ధతి అసలు ఉద్దేశం ఏమాత్రం చెడదు. ఈ ఒక్క మార్పుతో మార్చి ఆఖరి వారంలో దేశమంతా రాసే అబద్ధపు స్టాక్ ఎంట్రీల్లో ఎక్కువ భాగం అవసరమే లేకుండా పోతుందని నా నమ్మకం. బడ్జెట్ ఏడాదికోసారి పార్లమెంటు ఓకే చేసేది కాబట్టి కుదరదు అంటారు, తెలుసు, ఏడాది దాటితే డబ్బు మురిగిపోవడం రాజ్యాంగం లెవెల్ సంగతి. కానీ వచ్చే ఏడాది లిమిట్‌లోంచి ఏప్రిల్ మొదటి వారంలోనే ఈ కమిటెడ్ బిల్లులకి ముందు విడుదల చెయ్యడానికి ఏ రాజ్యాంగమూ అడ్డు రాదు కదా.

రెండోది, ప్రతి ఫైల్‌నీ పైపైన చూసే బదులు వందలో పది ఫైళ్ళు తీసి పూర్తిగా చూడండి. ల్యాబ్‌కి రండి, మెషీన్ ఆన్ చెయ్యమనండి, లాగ్‌బుక్ చూడండి, స్కాలర్‌ని విడిగా అడగండి. కాగ్ చట్టం 15వ సెక్షన్‌లో కూడా ఉన్నది ఇదే కదా, ఫలానా పని కోసం గ్రాంట్ ఇచ్చినవాళ్ళు షరతులు నెరవేరాయని ఎలా తృప్తి పడుతున్నారో ఆ పద్ధతిని పరిశీలించమని. నా స్పెక్ట్రోఫోటోమీటర్‌ని అప్పుడు ఎవరైనా ఆన్ చేసి చూసుంటే ఐదు నిమిషాల్లో దొరికిపోయేవాళ్ళం, దొరికుంటే మంచే జరిగేది.

ఓవర్‌హెడ్ డబ్బు సంగతి కూడా ఉంది. ప్రతి ప్రాజెక్టు నించీ యూనివర్సిటీ తీసుకునే ఆ డబ్బుతో కొనుగోళ్ళూ యూసీలూ తెలిసిన ఇద్దరు మనుషుల్ని పెట్టమని నేను రెండు మీటింగుల్లో అడిగా, మినిట్స్‌లో కూడా ఎక్కింది. అక్కడే ఉంది.

ఆ సెంట్రిఫ్యూజ్

ఆ సాయంత్రం ఆ అమ్మాయికి వెంటనే జవాబు చెప్పలేకపోయా. రిజిస్టర్ మూసి పెట్టమన్నా. రాత్రి చాలాసేపు ఆలోచించా, 1,85,000 పోతే ఈ అమ్మాయి మూడో చాప్టర్ పని ఆగుతుంది, నా సిద్ధాంతం కోసం తన ఏడాది పణంగా పెట్టే హక్కు నాకుందా అని. ఆ ప్రశ్న ఇప్పటికీ ఉంది. మర్నాడు తనతోనే మాట్లాడా, రెండు దారులూ చెప్పా, స్పెక్ట్రోఫోటోమీటర్ కథ కూడా చెప్పా. తను కాసేపు ఆలోచించి, "వచ్చాకే రాద్దాం మేడమ్" అంది.

ఏప్రిల్ 9న వచ్చింది. పెట్టె విప్పితే రోటర్ మూత పగిలుంది, డెలివరీ బాయ్ ముందే ఫోటో తీసి చలానా మీద రాయించింది, సప్లయర్ నోరెత్తకుండా వారంలో మార్చి ఇచ్చాడు. స్టాక్ రిజిస్టర్‌లో రెండు ఎంట్రీలు పడ్డాయి, 9న దెబ్బతిని వచ్చిందని, 17న మంచిది అందిందని.

బిల్లు మాత్రం ఇంకా పేమెంట్ కాలేదు. సప్లయర్ వారం వారం ఫోన్ చేస్తున్నాడు, అతని బాధ అతనిది, అతని డబ్బు ఇరుక్కుంది. సూపరింటెండెంట్ గారి దగ్గరికి వెళితే ఫైల్ తిరగేసి, ఆ రెండు ఎంట్రీలు రెండుసార్లు చదివి, "లెటర్ ఒకటి రాయండి మేడమ్, పోయినేటి లిమిట్ మళ్ళీ చెల్లేలా రీవాలిడేట్ చెయ్యమని. రిటైరయ్యేలోపు దీన్ని నేను పైవాళ్ళకి పుటప్ చేస్తా" అన్నారు. లెటర్ ఆ అమ్మాయే డ్రాఫ్ట్ చేసింది, జూన్ 3న పంపాం.